తాళపుచెవి ఎవరిది?

మన ఇండ్లలో తాళపుచెవుల గుత్తికి ఒక గౌరవము కలదు. పెద్ద కోడలు కాపురమునకు వచ్చిన కొన్నాళ్లకు అత్తగారు తన బొడ్డున దోపుకొనిన గుత్తిని తీసి ఆమె చేతిలో పెట్టిననాడు, ఆ ఇంటి పెత్తనము చేతులు మారినదని ఇరుగుపొరుగు వారందరికిని తెలిసిపోయెడిది. దానికి దస్తావేజు అక్కరలేదు, సాక్షులు అక్కరలేదు. ఇల్లు అమ్మిన సందర్భమునను అంతే. రిజిస్ట్రారు కచేరీలో సంతకములు ఎన్ని జరిగినను, తాళపుచెవి కొన్నవాని చేతిలో పడిన నాడే ఆ ఇల్లు అతనిదైనదని లోకము భావించును. ఉర్దూలో చాబీ యనినను, తెలుగులో తాళపుచెవి యనినను, ఆ చిన్న లోహపు ముక్కకు అర్థమొక్కటే: ఇది నాది, దీనిని తెరచుటకును మూయుటకును నాకు హక్కు కలదు.

ఈ అర్థము మన కండ్ల యెదుటనే మారిపోవుచున్నది. వస్తువు మనది, దాని తాళపుచెవి మాత్రము మరియొకరిది అను వింత స్థితి దాపురించినది. ఈ మాట వినుటకు అతిశయోక్తిగా తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. మా కళాశాలలో చదివి, అమెరికాలో ఉద్యోగము చేయుచున్న ఒక పూర్వ విద్యార్థి ఇటీవల వ్రాసిన ఉత్తరము మా అభిప్రాయమును మార్చినది.

ఆ యువకునకు చిన్ననాటి నుండియు రెండు తలుపుల స్పోర్ట్సు కారుపై మోజు. కొత్తది కొను స్తోమత లేదు గావున, పదియేండ్లకు పైగా నడచిన ఒక పాత కారును బేరమాడి కొనెను. అమ్మిన పెద్దమనిషి యాజమాన్యపు కాగితముపై సంతకము చేసి, ఒకే ఒక తాళపుచెవిని చేతిలో పెట్టి, రెండవది ఎక్కడనో పోయినదనియు, కొద్ది డాలర్లకు మరియొకటి చేయించుకొనవచ్చుననియు చెప్పి చేతులు దులుపుకొనెను. మనవాడును ఆ మాట నమ్మి, ఒక ఇనుప సామానుల దుకాణములో నకలు చెవిని కోయించెను. అది కారు తలుపును చక్కగా తెరచినది. అంతటితో తృప్తిపడి దానిని బీరువాలో దాచుకొనెను. ఇంజనుపై ప్రయోగించి చూడవలెనన్న ఆలోచన అతనికి రాలేదు.

కొన్ని నెలలకు అసలు చెవి ఒక సరస్సు ఒడ్డున జారిపోయినది. నకలు చెవితో కారెక్కి త్రిప్పగా ఇంజను ఒక్కసారి గర్జించి, రెండు క్షణములలో ఆగిపోయినది. ఎన్నిమార్లు త్రిప్పినను అదియే వరస. ముందున్న పలకపై ఒక ఎర్రదీపము మాత్రము మిణుకుమిణుకుమనుచుండెను. కంపెనీ వారి సర్వీసు కేంద్రమునకు ఫోను చేయగా, కారును వేరొక బండికి కట్టి తమ వద్దకు తేవలెననిరి, పాత నమూనా గావున చెవిని తెప్పింపవలెననిరి, అన్నియు కలిసి కొన్ని వందల డాలర్లగుననిరి. కారు తన వాకిట నున్నది, కాగితము తన పెట్టెలో నున్నది, అయినను ఆ కారు నిజముగా తనదేనా యని ఆ రాత్రి అనుమానము కలిగినదని అతడు వ్రాసెను. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత మాకు అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది.

ఈ చిక్కు ఎట్లు పుట్టినదో కొంచెము వివరింపవలసి యున్నది. పూర్వపు కారు తాళపుచెవి కేవలము లోహము. దాని పండ్లు తాళములోని రేకులకు సరిపోయిన చాలును, కారు కదలును. మన దేశమున అంబాసిడర్ కార్లు విరివిగా నడచిన దినములలో చెవి పోయినచో ఎవరును గుండెలు బాదుకొనలేదు. వీధి మూలనున్న కారీగర్ తాళములో ఖాళీ చెవిని దూర్చి, మెల్లగా త్రిప్పి, దానిపై పడిన గుర్తులను వెలుతురులో చూచి, ఆకురాయితో అరగదీసి అరగంటలో కొత్త చెవిని చేసి యిచ్చెడివాడు. అయితే కారీగర్‌కు తెలిసిన విద్య దొంగకును తెలియును గదా! ముఖ్యముగా స్పోర్ట్సు కార్లపై దొంగల కన్ను అధికము.

కావున 1986లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ తన కార్వెట్ స్పోర్ట్సు కారుకు ఒక కొత్త కాపలాను ఏర్పాటు చేసినది. తాళపుచెవి కాడలో ఒక చిన్న విద్యున్నిరోధకమును పొదిగిరి. చెవి పండ్లు సరిపోవుటయే కాక, ఆ నిరోధకపు విలువ కారులోని పెట్టెకు తెలిసిన విలువతో సరిపోవలెను. లేనిచో ఇంజను కొన్ని నిమిషముల పాటు పలుకదు. అట్టి విలువలు మొత్తము 15 మాత్రమే. కావున 15 రకముల ఖాళీ చెవులను దగ్గర నుంచుకొన్న కారీగర్ గాని, మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో నుండునట్టి ఓమ్ మీటరు చేతనున్న విద్యార్థి గాని ఆ రహస్యమును తెలిసికొనగలిగెడివాడు. చెవి కొంత కఠినమైనది గాని, యజమాని చేయి దాటిపోలేదు.

1990 తరువాత కథ మారినది. చెవి తలలో వడ్లగింజ కంటె కొంచెము పెద్దదైన ట్రాన్స్‌పాండర్ అను చిప్పును అమర్చిరి. దానికి బ్యాటరీ లేదు. తాళము చుట్టునున్న తీగచుట్ట వెలువరించు సుమారు 125 కిలోహెర్ట్జ్ తరంగముల నుండియే అది శక్తిని గ్రహించును. కారు ఒక ప్రశ్న వేయును. చిప్పు తనలోని రహస్య సంఖ్యతో లెక్కకట్టి జవాబు చెప్పును. జవాబు సరియైన ఇంజను నడచును, కానిచో ఇంధనమో నిప్పురవ్వయో ఆగిపోవును. దీనినే ఇమ్మొబిలైజర్ అందురు. ఐరోపా సమాజ దేశములలో 1995 నాటి ఆదేశము ననుసరించి 1998 అక్టోబరు నుండి కొత్త కార్లన్నిటికిని ఇది తప్పనిసరి యైనది.

ఇట్లు నేటి కారు చెవి ఒక్కటిగా కనిపించినను అందులో మూడు వస్తువులు గలవు. మొదటిది పండ్లు కోసిన లోహము. రెండవది ఇంజనుతో మాటలాడు చిప్పు. మూడవది దూరము నుండి తలుపు తెరచు బొత్తాము. బొత్తాములోని బ్యాటరీ అయిపోయినను చిప్పు పనిచేయును. లోహము సరిపోయి తలుపు తెరచుకొన్నను చిప్పు లేనిదే ఇంజను నడువదు. మన పూర్వ విద్యార్థి చేయించినది మొదటి వస్తువును మాత్రమే. కొన్ని కంపెనీల కార్లలో పనిచేయు చెవులు రెండు చేతనున్నచో యజమానియే మూడవ చెవిని కారుకు పరిచయము చేయవచ్చును. ఒక్కటే యున్నచో ఆ దారి మూసుకొనిపోవును. పాత కారు కొన్నవానికి సాధారణముగా దొరకునది ఒక్కటే! మొదటి యజమానికి సులభమైన పని రెండవ యజమానికి దుర్లభమగుటలోని అన్యాయమిదియే.

ఇమ్మొబిలైజర్ వలదని మేము వాదించుట లేదు. దాని మేలు ప్రత్యక్షముగా కనబడుచున్నది. నెదర్లాండ్స్ దేశపు అనుభవముపై 2016లో ప్రకటితమైన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన, ఈ సాధనము మొత్తము కారు దొంగతనములను సుమారు 40 శాతము తగ్గించినదని తేల్చినది. అమెరికాలో దీనిని చట్టము తప్పనిసరి చేయనందున, రెండు కొరియా కంపెనీలు అక్కడ ఈ కాపలా లేకుండ అమ్మిన అనేక కార్లను 2021, 2022 సంవత్సరములలో కుర్రవాళ్లు వీడియోలు చూచి నేర్చుకొని దొంగిలించిరి. తాళము బలముగా నుండవలసినదే. మా ఆక్షేపణ తాళమును గూర్చి కాదు, చెవి ఎవరి చేతిలో నుండవలెనను దానిని గూర్చి.

కంపెనీల వారు చెప్పు సమాధానము మనకు తెలియనిది కాదు. చెవి రహస్యములను అందరికిని ఇచ్చినచో దొంగలకును చేరుననియు, తమ వద్ద భద్రముగా నుండుటయే యజమానికి క్షేమమనియు వారందురు. వినుటకు ఇంపుగానే యున్నది. అయితే గడచిన 20 సంవత్సరముల చరిత్ర ఈ వాదమును బలపరచుట లేదు. 2005లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము, ఆర్.ఎస్.ఎ. ప్రయోగశాలలకు చెందిన శాస్త్రజ్ఞులు లక్షల కొలది కార్లలో వాడబడిన ఒక చిప్పు రహస్యమును ఛేదించి చూపిరి. అందులోని రహస్య సంఖ్య 40 బిట్లది. అనగా సుమారు 1,10,000 కోట్ల సంఖ్యలలో ఏదో ఒకటి. మనుష్యునకు అది సముద్రము వలె తోచును గాని యంత్రమునకు అది పెద్ద చెరువు మాత్రమే. ఆ విధముగా బయటపడిన 40 బిట్ల పద్ధతినే వాడిన టెస్లా మోడల్ ఎస్ కారు చెవికి నకలు చేయవచ్చునని 2018లో బెల్జియము దేశపు లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిరూపించిరి. పదమూడేండ్ల క్రిందట విరిగిన గడియనే ఖరీదైన కారు తలుపునకు మరల బిగించిరన్న మాట!

మరియొక ఉదాహరణము కలదు. ఖరీదైన కార్లలో వాడబడిన మెగామాస్ అను చిప్పులోని లోపములను నెదర్లాండ్స్, ఇంగ్లండు దేశముల పరిశోధకులు 2012లో కనుగొనిరి. ఆ వ్యాసమును ప్రకటింపకుండ 2013లో ఒక కార్ల కంపెనీ ఇంగ్లండు హైకోర్టు నుండి ఉత్తరువు తెచ్చినది. చివరకు 2015లో ఒకే ఒక వాక్యము తొలగించి ఆ వ్యాసమును ప్రకటించిరి. దొంగలు న్యాయస్థానముల ఉత్తరువులకై వేచియుండరు. వారికి వారి సాధనములు గలవు. రహస్యము వలన నిజముగా వాకిట నిలబడి పోవువాడు చేతిలో కాగితముండి, చెవి పోగొట్టుకొన్న అమాయకుడగు యజమాని. దొంగకు తెరచుకొని, దొరకు తెరచుకొనని తలుపును భద్రమైనదని ఎట్లందుము?

ఇచ్చట మా విద్యార్థులలో అనేకులకు ఇంట విన్న ఒక చరిత్ర జ్ఞాపకమునకు రావచ్చును. క్రీ.శ. 630లో మక్కా విజయమైన దినమున కాబా మందిరపు తాళపుచెవి ప్రవక్త ముహమ్మద్ (స.అ.స.) వారి చేతికి వచ్చినది. ఆ దినమున ఆయన ఆజ్ఞకు ఎదురు లేదు. చెవిని తమ వద్ద నుంచుకొన్నను అడుగువాడు లేడు. అయినను దానిని తరతరములుగా కాపాడుచున్న వంశమునకు చెందిన ఉస్మాన్ బిన్ తల్హాకే తిరిగి ఇచ్చిరని సంప్రదాయము చెప్పుచున్నది. బనూ షైబా వంశీయుల వద్దనే ఆ చెవి నేటికిని ఉన్నది. ఈ చరిత్ర నుండి మనము నేర్చుకొనిన మాట అమానత్. ఒకరి చేతనున్న చెవి వారి అధికారమునకు గుర్తు కాదు, వారిపై నుంచిన నమ్మకమునకు గుర్తు. హక్కుదారుడు వచ్చి అడిగిననాడు దానిని అప్పగింపవలెను. కంపెనీ వద్దనున్న రహస్య సంఖ్యయు అట్టి అమానతే. కారు అమ్ముడుపోయిన నాడే ఆ సంఖ్యపై హక్కు కొన్నవానికి సంక్రమించినది. ఏనుగు నమ్మి అంకుశమును తమ వద్ద దాచుకొని, అవసరమైనప్పుడెల్ల అద్దె అడుగుట వర్తకధర్మము కాదు.

ఇది సాధ్యమా యని అడుగువారికి సాధ్యమేనని చూపు దేశములు గలవు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున 2012 నవంబరులో ప్రజలు ఓటు వేసి, కార్లను బాగుచేసికొను హక్కును చట్టముగా చేసికొనిరి. ఇమ్మొబిలైజర్ సమాచారము ప్రమాదకరమైనదన్న అభ్యంతరమును ఆ చట్టము త్రోసివేయలేదు, దానికొక దారి చూపినది. ఆ దేశమున వాహన భద్రతా పనివారి పట్టిక యొకటి కలదు. పూర్వాపరములు విచారించి, అర్హులైన తాళముల పనివారిని అందులో చేర్చుకొందురు. చేరినవాడు కారు యజమాని గుర్తింపును, యాజమాన్యపు కాగితమును స్వయముగా పరిశీలించి, ఆ సంగతి వ్రాసి యుంచి, కంపెనీ నుండి చెవి సంఖ్యను పొందవచ్చును. ఐరోపాలోను 2021లో చేసిన నిబంధన ననుసరించి 2023 నుండి ఇట్టి ఏర్పాటే సెర్మి అను పేరుతో దశలవారీగా అమలునకు వచ్చినది. రహస్యమును వీధిలో పారవేయుటయు కాదు, పెట్టెలో పూడ్చిపెట్టుటయు కాదు. నమ్మదగిన పనివాని ద్వారా హక్కుదారునికి చేర్చుట.

మన పూర్వ విద్యార్థి కథకును ముగింపు ఈ దారినే దొరకినది. అట్టి పట్టికలో చేరిన పనివాడొకడు చిన్న బండిలో అతని ఇంటికే వచ్చి, లైసెన్సును కాగితమును చూచి, పుస్తకములో వ్రాసికొని, కొత్త చెవులు రెండు కోసి, వాటిని కారుకు పరిచయము చేసి, సరస్సులో పోయిన చెవిని కారు జ్ఞాపకము నుండి చెరిపివేసెనట. కారును కట్టి ఈడ్చుకొనిపోవు పని లేకపోయినది. ఖర్చు తక్కువ కాలేదు గాని, కంపెనీ వారు చెప్పిన దానికంటె తక్కువ. అన్నిటికంటె ముఖ్యముగా, ఇది నాది అను ధైర్యము అతనికి తిరిగి వచ్చినది.

అమెరికాలోని పాత స్పోర్ట్సు కారుతో మనకేమి పని యని మా కళాశాల పాలక సంఘమువారు అడుగవచ్చును. పని కలదు. నేడు మన రోడ్లపై తిరుగు సామాన్యమైన కార్లలోను ఈ చిప్పులే ఉన్నవి. మన ఊళ్లలో పాత కార్ల వ్యాపారము నానాటికి పెరుగుచున్నది. యాజమాన్యము మార్పునకు రవాణా శాఖ వారు అడుగు 29వ నమూనా పత్రములో అమ్మినవాడు రిజిస్ట్రేషను పత్రమును, బీమా పత్రమును కొన్నవానికి అప్పగించితినని వ్రాసి యిచ్చును. తాళపుచెవులు ఎన్ని అప్పగించెనో చెప్పు గడి అందులో లేదు. అయితే దురదృష్టవశమున ఆ కారు దొంగిలింపబడిన నాడు బీమా కంపెనీ వారు అసలు చెవులన్నియు తెమ్మని అడుగుట పరిపాటి. రెండవ చెవి చూపలేని యజమానిని అనుమానపు చూపు చూతురు. ఇచ్చునపుడు లెక్కలేని చెవికి అడుగునపుడు మాత్రము లెక్క యున్నది!

మన దేశములోను ఈ హక్కును గూర్చి కొంత కదలిక వచ్చినది. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషను, విడిభాగములను, పరీక్షా సాధనములను బయటి మెకానిక్కులకు అందకుండ చేసినందులకు 14 కార్ల కంపెనీలపై మొత్తము సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించి, వాటిని బహిరంగ విపణిలో అందుబాటులో నుంచవలెనని ఆదేశించినది. ఆ ఉత్తరువుపై అప్పీళ్లు నడచినవి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ బాగుచేసికొను హక్కుపై ఒక సంఘమును నియమించినది. వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములతో పాటు మోటారు వాహనములను గూడ అందులో చేర్చినది. ఆ సంవత్సరము డిసెంబరు 24న ఒక పోర్టలును ప్రారంభించినది. మంచిదే. కాని పోర్టలు సమాచారము నిచ్చును, హక్కు నిచ్చునది చట్టము. ఆ చట్టములో చెవి సంఖ్య యజమానిదను మాట స్పష్టముగా నుండవలెనని మా కోరిక.

ఈ విషయమున మమ్ము మిక్కిలి కలతపెట్టునది మరియొకటి కలదు. మన పట్టణములలో బాటప్రక్కన చిన్న పెట్టె ముందు పెట్టుకొని, వెనుక పెద్ద చెవి బొమ్మ వ్రేలాడదీసికొని కూర్చుండు తాళముల పనివారిని మనము ప్రతిదినము చూచుచున్నాము. వారిలో మన ముస్లిం కారీగర్లు గలరు, తరతరములుగా ఇదే వృత్తిగా గల సిక్లిగర్ సిక్కులు గలరు. మన యిండ్ల బీరువాలు, దుకాణముల షట్టర్లు, పెండ్లి పెట్టెలు తెరచినది వారి చేతులే. ఇంటి గుట్టు తెలిసినవారై యుండియు నమ్మకము నిలుపుకొన్నవారు గావుననే ఆ వృత్తి ఇంతకాలము నిలిచినది. నేడు వారి యొద్దకు కారు చెవి తెచ్చినవానిని, చిప్పు పని మాకు రాదు, కంపెనీకి పొమ్మని వారే త్రిప్పి పంపవలసి వచ్చుచున్నది. కొందరు నేర్పరులు విదేశీ యంత్రములు కొని, తమంతట తాము నేర్చుకొని, ఆ పనియు చేయుచున్నారు. కాని వారికి గుర్తింపు లేదు, శిక్షణ లేదు, ఏదేని దొంగతనము జరిగిననాడు ముందుగా అనుమానము వారిపైననే. చేతిలో విద్య యున్నవానిని చట్టబద్ధుడైన పనివానిగా చేయుటయో, చీకటి పనివానిగా చేయుటయో మన ఏర్పాట్లపై ఆధారపడి యున్నది.

కావున పాలక సంఘము వారికి మా విన్నపమిది. మన కళాశాలలో భౌతికశాస్త్రపు ప్రయోగశాల కలదు, సాయంకాలము ఖాళీగా నుండు గదులు గలవు. తాళములు, వాహనముల ఎలక్ట్రానిక్ చెవులు అను విషయముపై ఒక చిన్న సాయంకాలపు తరగతిని ఏర్పాటు చేయుడు. ఉర్దూలోను తెలుగులోను పాఠము జరుగవలెను. సగము మంది బాటప్రక్క కారీగర్లు, సగము మంది మన విద్యార్థులు కలిసి కూర్చుండవలెను. ఆకురాయి పట్టుట వారు నేర్పుదురు, చిప్పు భాష వీరు నేర్పుదురు. యజమాని గుర్తింపు చూడనిదే పనిముట్టు ముట్టనన్న నియమము ఇద్దరును నేర్చుకొందురు. ఇది కళాశాల పనియా యని కొందరు అడిగెదరని మాకు తెలియును. అల్పసంఖ్యాకుల కళాశాల అల్పసంఖ్యాకుల జీవనోపాధి చేజారుచుండగా చూచుచు, పట్టా కాగితములు మాత్రము పంచుచు నుండుట దాని పనియా యని మేము తిరిగి అడుగుచున్నాము.

విద్యార్థులకు మేము చెప్పదలచినది కొద్ది మాత్రమే. మీలో అనేకులు రేపు పాత కారునో, మోటారు సైకిలునో కొందురు. కొందరు పరదేశమున కొందురు. డబ్బు లెక్కపెట్టి యిచ్చుటకు ముందే చెవులు లెక్కపెట్టి తీసికొనుడు. ప్రతి చెవితోను తలుపు తెరచుటయే కాక ఇంజనును నడిపి చూడుడు. కొత్త కారుతో పాటు కొన్ని కంపెనీలు చెవి సంఖ్య గల చిన్న బిళ్ల నిచ్చును, దానిని అడిగి తీసికొనుడు. ఒకే చెవి దొరకినచో, అది పనిచేయుచుండగానే రెండవ దానిని చేయించుడు. ఉన్న చెవి పోయిన తరువాత అదే పనికి శ్రమయు ఖర్చును అనేక రెట్లగును. పోయిన చెవులను కారు జ్ఞాపకము నుండి చెరిపింపుడు, ఏలయన పోయిన చెవి ఎవరి చేతనున్నదో దేవునికే ఎరుక. అమ్మకపు రసీదులో చెవులు ఎన్నియో అంకెతో వ్రాయించుడు. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు తరువాత విచారించి ప్రయోజనము లేదు. మరి మీరు అమ్మువారైన నాడు, బీరువా మూలనున్న రెండవ చెవిని వెదకి తీసి కొన్నవాని చేతిలో పెట్టుడు. అది మీ వద్ద నుండుట మీకు నిరుపయోగము, అతనికి నష్టము.

అత్తగారు కోడలి చేతిలో గుత్తి పెట్టునపుడు ఒక చెవి దాచుకొనినచో ఆ పెత్తనము పెత్తనము కాదు. సగము నమ్మకము నమ్మకము కాదు. అమ్మకమును అట్టిదే. అమ్మినవాడు, తయారు చేసినవాడు, బాగుచేయువాడు, ముగ్గురును తమ తమ చేతిలోని చెవిని అమానత్‌గా తలచి హక్కుదారునికి అప్పగించిన నాడే వస్తువు నిజముగా చేతులు మారినదగును. ఆ నాటి కొరకు చట్టము చేయుట పెద్దల పని. ఆ సాయంకాలపు తరగతి గది తలుపు తెరచుట మాత్రము మన పని. దాని తాళపుచెవి పాలక సంఘము వారి వద్దనే ఉన్నది.